డ్యూటీకెళ్ళే మనిషికి ముందు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో చలికాలం, జనవరి మొదట్లో, నన్ను మా ఉత్తరాది ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో బాగ్‌బేరా వైపు ఒక చిన్న డిస్పెన్సరీకి సిస్టర్ ఇన్‌చార్జిగా వేశారు. డాక్టరుగారు రోజు విడిచి రోజు వచ్చేవారు. ఆయన లేనప్పుడు ఎవరిని మందిచ్చి ఇంటికి పంపాలి, ఎవరిని పెద్దాసుపత్రికి తోలాలి అని ఏరడం నా బాధ్యత. నేను పుట్టి పెరిగింది అదే ఊళ్ళో, తెలుగువాళ్ళుండే గోల్‌మురిలోనే కాబట్టి తెలుగువాళ్ళ వీధులన్నీ నాకే అంటగట్టారు.

అప్పుడు ఒక ఫర్నేసుకి షట్‌డౌన్ నడుస్తోంది. అంటే కొలిమి ఆపేసి మరమ్మతు చేసే రోజులు. కాంట్రాక్టు గ్యాంగుల్లో ఎవడూ నాగా పెట్టడానికి లేదు. ఒక్కో గదిలో నలుగురైదుగురు శ్రీకాకుళం కుర్రాళ్ళు ఉండేవారు. ఒకడు షిఫ్టుకి లేస్తే, దిగి వచ్చినవాడు అదే దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. ఫ్లూకి అంతకంటే ఏం కావాలి? దగ్గినా తుమ్మినా తుంపర్లతో అంటుకుంటుంది, ముక్కు తుడుచుకున్న చేత్తో పట్టుకున్న గ్లాసు మీంచీ అంటుకుంటుంది. పైగా జ్వరం బయటపడక ముందు రోజు నుంచే పంచిపెడుతుంది. పనిలో ధూళికి మాస్కు కట్టుకునే మనుషులు ఇంటికొచ్చి దాన్ని మేకుకి తగిలించి, పిల్లల మధ్య కూర్చుని దగ్గేవారు. అరిచీ అరిచీ నా గొంతు పోయింది.

మామూలు పడిశం మెల్లగా ఎక్కుతుంది. ఇది పొద్దున్న నవ్వుతూ వెళ్ళినవాణ్ణి సాయంత్రానికి పడేస్తుంది. చలి, జ్వరం, ఒళ్ళంతా నొప్పులు, పొడిదగ్గు. గట్టి మనిషైతే విశ్రాంతి, మంచినీళ్ళు, పారాసిటమాల్‌తో వారంలో లేచి కూర్చుంటాడు. యాంటీబయాటిక్ దీని మీద పనిచెయ్యదు. కానీ గర్భిణులు, పసివాళ్ళు, ముసలివాళ్ళు, ఉబ్బసం, షుగరు ఉన్నవాళ్ళ లెక్క వేరు. వీళ్ళకి ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే ప్రాణం మీదికొస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు ఫ్లూ టీకా వేయించుకోవచ్చు, వేయించుకోవాలి కూడా. మా వీధుల్లో దాని పేరు విన్నవాళ్ళే లేరు.

పార్వతికి ఏడో నెల. భర్త జగ్గారావు రిగ్గర్, అంటే బరువులకి తాళ్ళు, గొలుసులు వేసి క్రేనుకి తగిలించే మనిషి. అత్త అప్పలనరసమ్మ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. జ్వరం మొదలై ఒక్క పూటే అయింది. డాక్టరుగారు ముక్కులోంచి స్వాబ్ తీయించి, ఫలితం కోసం ఆగకుండా ఒసెల్టామివిర్ క్యాప్సూళ్ళు రాశారు. ఫ్లూ వైరస్ మీద పనిచేసే మందు అది, రెండు రోజుల లోపు మొదలుపెడితేనే దాని బలమంతా. కడుపులో బిడ్డకి ఏమైనా అవుతుందా అని ముసలమ్మ అడిగింది. మందు వల్ల కాదు, జ్వరం ముదిరితేనే బిడ్డకీ తల్లికీ ముప్పు అని చెప్పాను. ఆయాసం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా ఆ క్షణమే రమ్మన్నాను. ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

నాలుగో రోజు ఆటోలో తెచ్చారు. పెదాలు నీలం తిరిగాయి, మాట మాటకీ ఊపిరి ఆగుతోంది. వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూసి, ఆక్సిజన్ సిలిండర్ తిప్పి మాస్కు పెట్టాను. అంబులెన్సులో నేనూ ఎక్కాను. క్యాప్సూళ్ళు ఎన్ని మింగిందని అడిగితే అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

మింగనే లేదు. ఆ రోజే జగ్గారావుకీ జ్వరం తగిలింది. మర్నాడు షిఫ్టుకి వెళ్ళకపోతే గ్యాంగులో ఇంకొకణ్ణి పెట్టుకుంటారని కబురొచ్చింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ అనుకుని, నీకోసమే ఇచ్చారని చెప్పి, ఆ మందంతా అతనితో మింగించారు.

"మా ఇళ్ళల్లో డ్యూటీకెళ్ళేవోడికే ముందు, సిస్టరమ్మా. ఏన్నీళ్ళు ఆడికే, కూడు ఆడికే. మందూ అలాగే అనుకున్నాం" అంది అప్పలనరసమ్మ.

జగ్గారావు అంబులెన్సులో భార్య కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. "అవి నీయేటే? నాకు సెప్పనేదేటే?" అన్నాడు. పార్వతి మాస్కు పక్కకి లాగి, "నువ్వు డ్యూటీకెళ్ళాల కదా, మావా" అంది. నేను మళ్ళీ మాస్కు పెట్టాను. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆ ముసలమ్మని నాలుగు దులపాలనిపించింది. ఆమె ఏడుపు చూసి ఊరుకున్నాను.

పెద్దాసుపత్రిలో వెంటిలేటర్ పెట్టారు. ఆపరేషన్ చేసి ఆడపిల్లని బయటికి తీశారు, పిల్ల దక్కింది. వారం తిరక్కుండానే పార్వతి పోయింది.

వేసవిలో జగ్గారావు ఆ పిల్లకి టీకా వేయించడానికి తెచ్చాడు. అందరూ వెళ్ళేదాకా బెంచీ మీద కూర్చుని, అప్పుడడిగాడు: "ఆ మందు నేకపోయినా నాకు తగ్గిపోయేదేనా, సిస్టరమ్మా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "తగ్గిపోయేదే" అన్నాను. అతను పిల్లని భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

మందు రాయడం వేరు, అది ఆ మనిషి నోట్లో పడడం వేరు. రిటైరయ్యేదాకా ఫ్లూ మందు మొదటి క్యాప్సూల్ నా ఎదుటే మింగించాను. ఇంట్లో డ్యూటీకెళ్ళే మగమనిషిని పిలిపించి, అతనికీ జ్వరం చూసి, ఇది నీది కాదు, నీ భార్యది అని ముఖం మీదే చెప్పేదాన్ని. కొందరికి కోపం వచ్చేది. రానిచ్చాను.