ఎండు కట్టెల కోసం తన్లిన్ దాకా

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా వంటింటి పొగగొట్టంలో గోనెసంచి కుక్కింది నేనే.

బర్మాలో, పజుండౌంగ్ పేటలో మాది పాతకాలపు ఇటుక ఇల్లు. పొయ్యి పక్క గూట్లో నా పుస్తకాలుంటాయి. వానలకు గొట్టంలోంచి మసినీళ్లు వాటి మీద కారుతుంటే సంచి అడ్డం పెట్టి మరిచిపోయాను. అప్పట్లో కరెంటు పొయ్యి మీదే వంట. తర్వాత రోజుల తరబడి కరెంటు పోవడంతో మామ్మ కట్టెలు వెలిగించింది. పొగంతా ఇంట్లోకే తిరగడంతో, ఆమె దగ్గుతూ దగ్గుతూ స్పృహ తప్పింది. ఆమె ఆస్పత్రిలో ఉండగా నేను సంచి లాగి పారేశాను. పచ్చికట్టెల వల్లేనన్నారు అందరూ. నది అవతలి తన్లిన్ నుంచి ఏళ్లుగా మాకు కట్టెలు పంపే ఎర్రయ్య తాతకు ఇంక పంపొద్దని కబురు వెళ్లింది.

ఆయనకు నిజం చెప్పాలని ఒక ఆదివారం బయల్దేరాను. ఇంట్లో మాత్రం మంచి కట్టెలు చూసొస్తానన్నాను.

ఏడింటికి వీధి చివర మొహింగా, అదే చేపల పులుసులో సేమ్యా, తిని బస్సెక్కాను. డ్రైవరు పక్కనున్న పెట్టెలో నోట్లు వేయాలి. చిల్లర తిరిగి రాదు, సరిపడా పట్టుకెళ్లండి. పక్క సీట్లో ఒక బర్మా పెద్దావిడ, ఒళ్లో కూరల బుట్టతో కూర్చుంది.

"ఎక్కడికి, సమీ?" అంది. కూతుర్ని పిలిచినట్టు ఆడపిల్లలందరినీ అలాగే పిలుస్తారు.

కట్టెలకన్నాను.

"నది దాటి కట్టెలా? నీ వంటయ్యేసరికి చుట్టాలు లేచి వెళ్లిపోతారు!"

ఎనిమిదింబావుకి వంతెన దాటాం. బజారు దగ్గర దిగి పది నిమిషాలు నడిస్తే కట్టెల అడితి.

"ఎవులే నువ్వు? పైడమ్మ మనవరాలివి కాదేటి?" అన్నాడు ఎర్రయ్య తాత. "కూకో. మామ్మకెలాగుంది?"

"లేచి తిరుగుతోంది తాతా."

రెండు రబ్బరు చెట్టు కట్టెలు ఒకదానికొకటి కొట్టి, ఖంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే పచ్చి అని తేల్చేవాడని మామ్మ చెప్పేది. ఆ రోజు ఆయన కొట్టలేదు. కూతురు లచ్చిమిని పిలిచి కొట్టమన్నాడు.

"మీకంపగా మిగిలిన కట్టెలు మా పొయ్యిలో ఎట్టి సూసినాడు," అంది లచ్చిమి నాతో. "బాగానే మండినాయి. అయినా తన సెవే సెడిపోనాదంటాడు. ముసిలోడు లేని సెవుడు తెచ్చుకున్నాడు."

"నీ నోరింటే ఎవులికైనా సెవుడొస్తాదే," అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. ఆయన నా చేతికో కట్టె ఇచ్చి చూపించాడు. కొసలు పగిలుండాలి, బెరడు గోటికి ఊడిరావాలి. రంగేసిన చెక్క పొయ్యిలో పెట్టకూడదు. వానాకాలం పోగానే గొట్టం దులిపించాలి. వెలిగించే ముందు కాగితం అంటించి పట్టుకుని పొగ పైకి లాగుతోందో లేదో చూసుకోవాలి.

"ఆ రోజు గొట్టం సూసినారేటి?" అన్నాడు.

చెప్పాల్సిన మాట అదే. లచ్చిమి కూడా నన్నే చూస్తోంది.

"చూశాం తాతా. బాగానే ఉంది."

ఆయన తలూపి, చేతిలోని కట్టె మెల్లగా మోపు మీద పెట్టేశాడు.

పదకొండున్నరకు తిరుగు బస్సు. మోపు మోసుకుంటూ తాత బజారు దాకా వచ్చాడు. ఆదివారం ఖాళీగానే ఉంటుంది, కట్టెల మోపుతో ఎక్కినా ఎవరూ ఏమీ అనరు. వంతెన మీద డైరీ తీశాను. తేదీ తప్ప ఇంకేమీ రాయలేకపోయాను. కట్టెలు చాలా మంచివి. ఇంట్లో చివరి కట్టె దాకా పొగ లేకుండా మండాయి. మూడు నెలలకు మళ్లీ వెళ్తే అడితి మూసి ఉంది. తండ్రీకూతుళ్లు ఎటు వెళ్లారో బజారులో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు పొయ్యి వెలిగించే ముందు నేనే కాగితం అంటించి పట్టుకుంటాను. పొగ పైకి లాగుతుంది. ఆ రోజు బస్సు కదులుతుంటే తాత కిటికీ దాకా వచ్చి అన్న మాట అప్పుడు గుర్తొస్తుంది.

"మామ్మకి సెప్పమ్మా, తప్పు నాదేనని."