మొదటి గ్లాసు ఎవరి పాలు

సాయంత్రం మొదటి గ్లాసు ఎవరి ముందుకు వెళ్తుందో చూస్తే చాలు, మా ఇంట్లో ఆ పూట ఎవరికి ఒంట్లో బాగాలేదో తెలిసిపోతుంది. నేను మెట్టిన ఇల్లు గౌలిపురలో తరతరాలుగా పాలు అమ్ముకుని బతికే ఇల్లు. బర్రెలు ఇప్పుడు ఊరవతల షెడ్డుకు మారాయి గానీ, పాలు మాత్రం ఇంకా మా గుమ్మం ముందే దిగుతాయి. క్యాను మూత తీయగానే, గిరాకీ ఎంత తొందరపెట్టినా సరే, మా అత్తమ్మ ముందుగా ఒక స్టీలు గ్లాసు నింపి పక్కన పెడుతుంది. అది ఇంట్లో పడకేసిన మనిషిది. అందరూ బాగుంటే దేవుడిది. ఈ రెండు వర్గాల్లోనూ లేనివాళ్ళకు చాయ్‌లో పడిన చుక్కే ప్రాప్తం. పాలవాళ్ళింట్లో పాలు అమ్మడానికే గానీ తాగడానికి కాదని కొత్తకోడలికి తొందరగానే అర్థమైపోతుంది.

నేను దేవుణ్ణి కాదు. పడకేసే అలవాటూ లేదు. గట్టి మనిషినని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు వల్ల ఇంత నష్టం ఉంటుందని ముందే తెలిస్తే, పెళ్ళైన కొత్తలోనే ఒకటి రెండుసార్లు కళ్ళు తిరిగి పడి ఉండేదాన్ని.

ఆ ఎండాకాలం ఆ గ్లాసు మా తోటికోడలి పాలైంది. మా మరిది భార్య. నాకంటే చిన్నది, నాకంటే తెల్లనిది. ఆ తెలుపు మీద నాకు మొదటి నుంచీ కాస్త కడుపుమంట ఉండేది. అందులో సగం తెలుపు రక్తం లేక వచ్చిందని తర్వాత తెలిసింది. నెలనెలా విపరీతంగా రక్తం పోతున్నా ఎవరికీ చెప్పకుండా చాలాకాలం నెట్టుకొచ్చింది. ఒకరోజు బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కుతూ సగం మెట్ల మీదే కూలబడి, ఆయాసంతో మాట కూడా రాక చెయ్యి ఊపింది. హుస్సేనీ ఆలంలోని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, గర్భసంచిలో గడ్డలు ఉన్నాయని, ఆపరేషన్ చెయ్యాలని, అయితే ఇంత తక్కువ రక్తంతో చెయ్యనని తేల్చి చెప్పింది. ముందు రక్తం పెరగాలి. ఐరన్ గోలీలు రాసిచ్చింది.

ఆ రోజు నుంచి ఆమె మహారాణి. గోలీ పళ్ళెంలో వచ్చేది, వెనకే నురగతో గ్లాసు వచ్చేది. ఉస్మాన్‌గంజ్ నుంచి ఖర్జూరాలు వచ్చేవి. ఆదివారం ఆమె కోసమని కార్జం వేపుడు చేసేవారు. చేసేది ఎవరనుకున్నారు? నేనే. మా అబ్బాయికి ఉద్యోగం వస్తే మాంసం, గుడ్డు ముట్టనని ఎప్పుడో మొక్కుకున్నాను. వాడికి ఉద్యోగం వచ్చింది, నాకు కార్జం పోయింది. ఉప్పు చూడకుండా వండి, ఆమె పళ్ళెంలో వడ్డించి, ఆమె వేళ్ళు నాక్కుంటుంటే గోడవైపు తిరిగి నిలబడేదాన్ని.

నిజానికి నాకూ ఒంట్లో బాగాలేదు. చెబితే నమ్మేవాళ్ళేరి?

“అత్తమ్మా, నాక్కూడ మస్తు నీరసంగుంటుంది,” అన్నాను ఒక సాయంత్రం, సరిగ్గా గ్లాసు నిండుతున్న వేళ చూసుకుని.

“నీకేమైందే? గుండ్రాయి లెక్కున్నవ్. దాని మొకం చూడు, సున్నమేసిన గోడ లెక్కైంది.”

“కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నయి.”

“పొద్దంత కూసుంటె ఎక్కవా మరి?”

“నాలుకంత మంట.”

“నీ నాలుక ఇన్నొద్దులు మందిని మండిచ్చింది. ఇప్పుడు నిన్ను మండిస్తున్నది, పోనియ్యి.”

గిరాకీవాళ్ళు కూడా నవ్వారు. నవ్వుతూనే కొలత సరిగ్గా పోస్తుందో లేదో చూసుకున్నారు.

ఇంకోరోజు నిమ్మకాయలకని సందు చివరిదాకా వెళ్ళి ఒక్క చెప్పుతో ఇంటికొచ్చాను. రెండోది ఎక్కడ జారిపోయిందో నాకు తెలియదు. కాలికి చెప్పు లేదు సరే, లేదని ఆ కాలైనా నాకు చెప్పాలి కదా? అదీ చెప్పలేదు. ఎదురింటి పిల్ల చెప్పు పట్టుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చింది. ఆ కథ మా వాడకట్టులో చాలారోజులు నడిచింది, రెండు కాళ్ళకూ చెప్పులేసుకుని మరీ.

ఇక మా తోటికోడలు, మా చిన్నామె, కొత్త విద్య మొదలుపెట్టింది. ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తీసి కరకరా నమిలేది. ఐసు అయిపోతే బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టేది. గారాబం ముదిరి గొంతెమ్మ కోరికల్లోకి దిగిందనుకున్నాను.

“ఏంది చెల్లె, ఇంట్ల బియ్యమన్న మిగలనిస్తవా?” అంటే, “అక్కా, ఎందుకో తెల్వదు, నమలకుంటె పానం ఊకుంటలేదు,” అనేది బేలగా. ఆ బేలతనం చూసి అత్తమ్మ నావైపు ఉరిమేది. నాకు బేలగా చూడటం కూడా రాదు. ప్రయత్నిస్తే కోపంగా ఉన్నానా అని అడుగుతారు.

వారాలు గడిచాక మళ్ళీ పరీక్ష చేస్తే రక్తం పెరగలేదు. ఆపరేషన్ వాయిదా పడింది. అత్తమ్మకు ఫికర్ పట్టుకుంది. పాలు సరిపోవడం లేదేమోనని పొద్దున కూడా గోలీ వేయించి ఇంకో గ్లాసు మొదలుపెట్టింది. ఇప్పుడు రెండు పూటలా మొదటి గ్లాసు ఆమెదే. పొయ్యి మీద పాలూ, పొయ్యి పక్కన నేనూ ఒకేసారి పొంగేవాళ్ళం. పాలను దించడానికి మనుషులున్నారు.

రెండోసారీ పెరగలేదు. ఆ రాత్రి గోడకవతల ఆమె మా మరిదితో అనడం విన్నాను: “ఆపరేషన్ ఎప్పటికైతది? గిట్లనే పోతెనేమో నేను.” అప్పుడు గుండె కాస్త కలుక్కుమన్న మాట నిజం. మర్నాడు అత్తమ్మ ఆమెకు దిష్టి తీస్తూ నావైపు చూడగానే ఆ కలుకు సర్దుకుంది.

డాక్టరమ్మ మళ్ళీ రమ్మంది. మరిది షెడ్డు దగ్గర ఉండిపోవడంతో తోడుగా నేను వెళ్ళాను. పేరుకు తోడు. అసలు సంగతి వేరే. నేను కూడా రక్తపరీక్ష చేయించుకోవాలని. నా లెక్క ఆమె లెక్క కంటే తక్కువ వచ్చేలా చూడమని దారిపొడుగునా దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాను. పరీక్షలో తక్కువ రావాలని మొక్కుకున్నది మా వంశంలో నేనొక్కతెనే అయ్యుంటాను.

ఓడిపోయాను. ఆమెది ఎనిమిది దాటలేదు. నాది పదికి కాస్తే దిగువ.

“అయినా తక్కువే కద మేడం,” అన్నాను, ఓటమి ఒప్పుకోలేక. “చెల్లెకిచ్చిన గోలీలే నాక్కూడ రాయండి.”

డాక్టరమ్మ నా రిపోర్టు మీంచి తల ఎత్తలేదు. “రక్తం తక్కువుంటే అందరికీ ఇనుమేనా అమ్మా? ఆమెది వేరు, నీది వేరు. ఇట్ల రా.”

ముందు మా చిన్నామె గోళ్ళు చూపించింది. మధ్యలో గుంటపడి అంచులు పైకి లేచి, బుల్లి చెంచాల్లా ఉన్నాయి. రోజూ చూసే చేతులే, నేను వాటిలో ఖర్జూరాలను మాత్రమే చూశాను. కింది కనురెప్ప లాగితే లోపల గులాబీరంగు ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. ఐసు, బియ్యం నమలాలనిపించడం గారాబం కాదట, ఇనుము తక్కువైన ఒళ్ళు చేసే అల్లరట. ఇనుము లేక ఆమె రక్తకణాలు చిన్నవైపోయి, రంగు వెలిశాయి.

తర్వాత నన్ను నాలుక చాపమంది. ఇన్నాళ్ళకు నా నాలుకను ఒకరు శ్రద్ధగా చూశారు. ఎర్రగా, గరుకు పోయి నున్నగా ఉందని చెప్పింది. ఒక ఇనుప కడ్డీని మోగించి నా చీలమండ మీద పెట్టి, “జుమ్మంటుందా?” అని అడిగింది. ఏమీ అనిపించలేదు. అదే కడ్డీని నా మణికట్టు మీద పెడితే జుమ్మని తెలిసింది. అప్పుడు మొదటిసారి భయం వేసింది. చెప్పు పోయిన కాలు అది.

“నీ కణాలు చిన్నగ లేవు, ఉబ్బి పెద్దగైనయి. బీ-ట్వెల్వ్ తక్కువున్నట్టు. దానికి ఇనుము మింగితే ఏం లాభం? ఇంకొందరికి పుట్టుకతోనే కణాలు చిన్నగుంటయి, ఇనుము మాత్రం సరిపడుంటది. వాళ్ళకి ఊకనే ఐరన్ ఇస్తే నష్టం కూడా. ఏ రకమో తెలుసుకోకుండ మందియ్యొద్దు. మాంసం తింటవా?”

“మొక్కు మేడం.”

“గుడ్లు?”

“అదే మొక్కు.”

“పాలు?”

“పాలోళ్ళమే మేడం మేము,” అన్నాను గర్వంగా.

“అమ్మేది కాదమ్మా అడిగింది, తాగేది.”

“చాయ్‌ల పడ్డన్ని.”

ఆమె నిట్టూర్చి సూదిమందు రాయడం మొదలుపెట్టింది. ముందు సూదులు, కాళ్ళ సంగతి కాబట్టి ఆలస్యం పనికిరాదంది. ఆ తర్వాత రోజూ పాలూ పెరుగూ తీసుకోమంది, మాంసం ముట్టనిదానికి ఆ బీ-ట్వెల్వ్ వాటిలోనే దొరుకుతుందట. రాస్తూ రాస్తూ మా చిన్నామెను అడిగింది: “నువ్వు గోలీ దేనితోని మింగుతున్నవ్?”

“పాలతోని మేడం,” అందామె మురిపెంగా. “మా ఇంట్ల గోలీ నీళ్ళతోని మింగనియ్యరు. పాలోళ్ళింట్ల నీళ్ళతోని మింగితె ఇజ్జత్ పోతదంటది మా అత్తమ్మ.”

డాక్టరమ్మ కలం ఆగింది.

“అందుకే పెరుగుతలేదు. పాలు, చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనియ్యవు. గోలీకి, పాలకు రెండు గంటలన్న దూరముండాలె. నిమ్మకాయ నీళ్ళతోని మింగు.”

బయటికొచ్చి ఆటో ఎక్కాం. ఎండాకాలమంతా నేను కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూసిన గ్లాసు ఆమె ఆపరేషన్‌కు అడ్డంపడింది. అది నా ఒంటికి కావలసిన గ్లాసు. మేమిద్దరం రక్తసంబంధీకులం కాము గానీ, రక్తహీన సంబంధీకులమన్న మాట, అందులోనూ సవతి రకాలు.

“అక్కా,” అంది ఆమె కాసేపటికి, “గిన్ని దినాలు నీ పాలు నేను తాగిన్నా?”

“నా పాలు కాదే, బర్రె పాలు,” అన్నాను. ఇద్దరం నవ్వాం. వెంటనే ఇద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చి నవ్వు ఆగింది. అత్తమ్మకు ఎవరు చెప్పాలి?

పాలమ్మి పిల్లల్ని పెంచిన మనిషికి, నీ పాలవల్లే రక్తం పెరగలేదని చెప్పడం ఎలా? దారిలో నేను ఆ మాటను రకరకాలుగా రుచి చూశాను. అన్ని రకాలూ తియ్యగానే ఉన్నాయి. ఇల్లు చేరేసరికి క్యాన్లు దిగి ఉన్నాయి. అత్తమ్మ గ్లాసు నింపి, కొంగుతో అంచు తుడిచి, గోలీ పక్కన పెట్టుకుని గుమ్మంలో ఎదురుచూస్తోంది. “ఏమన్నదే డాక్టరు? పెరిగిందా?” అని ముందుకు వంగింది. జవాబు రాకముందే గ్లాసు చిన్నామె వైపు చాపింది. నా నోట్లో తియ్యదనం పోయింది.

“పాలు మంచియే అత్తమ్మా,” అన్నాను. “గోలీయే మంచిది కాదు. పక్కన పాలుంటే ఓర్వదట. ఆ రెండు యారాండ్ల లెక్క. ఒక్క గ్లాసుల పడవు.”

యారాండ్లంటే మా వైపు తోటికోడళ్ళు. అత్తమ్మ మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇంత వివరంగా ఆమెకు ఏ వైద్యశాస్త్రమూ ఎక్కి ఉండదు.

“ఇంకేం మరి. వేరు కాపురం పెట్టాలె,” అని, చేతిలోని గ్లాసు వైపు చూసి, కాస్త ఆలోచించి నా ముందు పెట్టింది. “నీకేమన్నదో చెప్పు. నిజంగనే బాగలేదా?”

ఇన్నేళ్ళు ఎదురుచూసిన గ్లాసు. పైన నురగ ఇంకా ఆరలేదు. గటగటా తాగేశాను. నాకు పచ్చి పాలవాసన పడదన్న సంగతి సగంలో గుర్తొచ్చింది. పైగా అటు చూస్తే మా చిన్నామె గోలీ వేసుకుని నిమ్మరసం తాగుతోంది. కాస్త ఉప్పు, కాస్త చక్కెర, గ్లాసు బయట చల్లటి నీటిబొట్లు. ఆ ఉక్కపోతలో, ఆ గ్లాసు వైపు నేను ఎలా చూశానో చెప్పను.

వానలు పడేనాటికి ఆమె రక్తం పెరిగింది. ఐసు నమలడం దానంతటదే పోయింది. ఆపరేషన్ అయింది, క్షేమంగా ఇంటికొచ్చింది. నా సూదులు సాగుతున్నాయి. ఒకరోజు సందులో గులకరాయి గుచ్చుకుంటే కాలికి చురుక్కుమంది, నిలబడి ఆ రాయిని మళ్ళీ తొక్కి చూసుకున్నాను. వేళ్ళ చివర్లు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. అవి నిదానంగా తేరుకుంటాయట.

ఆమె ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం క్యాను మూత తెరుచుకుంది. పడకేసిన మనిషి ఆమె. పాలు మందుగా ఉన్న మనిషిని నేను. అత్తమ్మ ఒక గ్లాసు పట్టుకుని కాసేపు ఆగింది. గిరాకీ వరసలోంచి ఎవరో “జల్దీ అమ్మా” అన్నారు. “ఊకో భాయ్,” అని ఆమె గూట్లోంచి ఇంకో గ్లాసు తీసింది. ఇల్లు పుట్టినప్పటి నుంచి లేని వింత, మా ఇంట్లో ఆ పూట మొదటి గ్లాసులు రెండయ్యాయి.

“గోలీ ఎప్పుడేసుకున్నవే?” అని అడిగింది చిన్నామెను.

“పగటికే అత్తమ్మా, నిమ్మకాయ నీళ్ళతోని.”

రెండూ మంచం పక్కన స్టూలు మీద పెట్టి ఆమె గిరాకీవైపు తిరిగింది. నేను మెల్లగా వంగి, ఏ గ్లాసులో నురగ తక్కువగా, పాలు ఎక్కువగా ఉన్నాయో చూశాను. తల ఎత్తితే మా చిన్నామె కూడా, కుట్ల నొప్పి ఓర్చుకుంటూ, దిండు మీంచి మెడ చాచి అదే చూస్తోంది.