మళ్లీ మళ్లీ రాయించిన ఆంటీ

ఆ ఆంటీ మీద నాకు ఇప్పటికీ కాస్త కోపమే. ఘాజియాబాద్‌లో, భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్లకు సాయం చేసే కేంద్రంలో పనిచేసేది. నా తెలుగు ఫిర్యాదును పోలీసుల కోసం హిందీలోకి మార్చాల్సింది ఆవిడే. ఎడమచేతికి కట్టుతో కూర్చుని నేను రాస్తుంటే వంకలు పెట్టేది.

"‘ఇంట్లో గొడవ జరిగింది’ ఏంటమ్మా? గొడవ దానంతటదే జరుగుతుందా?"

ఆ వాక్యం కొట్టేసి, ‘చేయి విరిగింది’ అని రాశాను.

"అచ్ఛా, ఎవరు విరిచారు?"

"మీకు తెలుసు కదా ఆంటీ."

"పోలీసులకు తెలీదుగా. మళ్లీ రాయి."

ఒళ్లు మండి, కాగితం చిరిగేలా రాశాను: ‘నా భర్త నా చేయి విరిచాడు.’

పెళ్లయిన ఏడేళ్లలో, ఆయన కొడతాడన్న మాట మా అమ్మతో కూడా అనలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడ ఓదార్చనైనా లేదు.

"ఠీక్ హై, సంతకం పెట్టు," అంది.