కంప దాటి వచ్చినవాడు

మారక్కకు తనదంటూ ఒక గది దక్కింది నలభై దాటాకే. రొద్దం దగ్గరి చిన్న ఊర్లో, అన్న పోతులయ్య ఇంటి వెనకవీధిలో, రేకుల కప్పు, ఒక్క కిటికీ. పొద్దున ఎండ ఆ కిటికీలోంచి దిగి, చెనక్కాయలు ఒలిచే ఆమె వేళ్ళ మీద కాసేపు కూర్చుని పోయేది.

చిన్నప్పటి నుంచి ఆమెకు మూర్ఛ. ఎప్పుడు ఎక్కడ పడిపోతుందో తెలియదు. అందుకే పోతులయ్య ఆమెను కంటిచూపు దాటనివ్వలేదు. ఎండాకాలం తక్కిన కాపరులంతా మేత వెతుక్కుంటూ మందలతో దూరదేశం పోతే, అతను మాత్రం ఊరి చుట్టే తిరిగేవాడు. బక్కచిక్కిన ఆ గొర్రెల డొక్కలు చూసినప్పుడల్లా మారక్క తల దించుకునేది.

ఆస్పత్రివాళ్ళు చేతి గడియారం ఇచ్చాకే ఆమె వేరే గదిలోకి మారింది. ఆమె పడితే గడియారం కనిపెడుతుంది. వాళ్ళే గోడకు బిగించిన పెట్టె ఆ కబురును హిందూపురం ఆఫీసుకు చేరవేస్తుంది. అక్కడి నుంచి హేమావతి రోజూ ఫోన్ చేసి పలకరిస్తుంది. పోతులయ్యకే నమ్మకం లేదు.

"గోడకుండే డబ్బా లేసొచ్చి నిన్ను పట్టుకుంటాదా మే? ఒక్కసారి అది తప్పిందంటే మల్లా నువ్వు మా ఇంటికే" అన్నాడు.

మాఘమాసంలో ఊరు విడిచే రోజు వచ్చింది. ఆ రోజు అందరూ పొయ్యిలు ఆర్పి, గడపలకు ముండ్లకంప అడ్డం వేసి, ఊరిబయట తోపుకు పోతారు. పొద్దు గుంకేదాకా ఊరు అమ్మవారిది. ఇంట్లో నిప్పు ఉండకూడదు, వెలుతురూ ఉండకూడదు. పెట్టె మీద మినుకుమనే పచ్చటి చుక్కను మారక్క చాలాసేపు చూసింది. అదీ దీపమే కదా. ఆపేసింది. అందరిలాగే ఫోనూ ఆపి గూట్లో పెట్టింది.

తోపులో రాగిముద్దలు తింటుండగా ఒక మోటారుసైకిల్ వచ్చి ఆగింది. దిగినవాడి చేతులు గీరుకుపోయి నెత్తురోడుతున్నాయి.

"మారక్క అంటే ఎవరు?"

"నేనేనప్పా."

అతను ఉన్నచోటే కూలబడ్డాడు. పేరు మురళి. పెనుకొండలో ఉంటాడు, హిందూపురం ఆఫీసు మనిషే.

"బతికే ఉండావా తల్లీ. నీ పెట్టె పలకలేదు, ఫోన్ పలకలేదు. హేమావతి మేడం ఏడుపు గొంతుతో నన్ను తరిమింది. వస్తే ఊర్లో మనిషి లేడు. లోపల పడుంటావేమోనని నీ వాకిట్లో కంప పీకేసినా. లోపల నువ్వు లేవు, ఎతుక్కుంటా ఇట్లొచ్చినా."

ఊరిపెద్ద బసవరాజు లేచి నిలబడ్డాడు.

"అమ్మ తిరిగేటప్పుడు కంప పీకినావా? ఆ డబ్బా ఊర్లో వద్దు. పోతూ పోతూ తీసుకోని పో."

మారక్కకు చేతిలోని ముద్ద బరువెక్కింది. తన గది, కిటికీ, ఎండ, అన్నీ ఆ మాటతో పోతున్నాయి. అన్న వైపు చూసింది. పోతులయ్య చెంబు నీళ్ళు తెచ్చి మురళి చేతుల మీద పోశాడు. ఒక్కొక్క ముల్లే తీశాడు.

"పెద్దాయనా, ఇన్నేండ్లు నా చెల్లెలు పడితే ఉరికింది నేనొక్కన్నే. మీరంతా చుట్టూ నిలబడి చూసినోళ్ళే. మొగమన్నా చూడని మనిషి కోసం ఈయప్ప కంపలో చెయ్యి పెట్టినాడు. కంప నేను మల్లా వేస్తా. అమ్మకు కోపమొస్తే నా మీదికే రానీ. డబ్బా మాత్రం ఉంటాది."

బసవరాజు మళ్ళీ ఆకు ముందు కూర్చున్నాడు.

"సరే, పోయి వెయ్యి. ముందు ఆయప్పకు ఇంత ముద్ద పెట్టండబ్బా, చూస్తాండారేం."

మారక్క తన చేత్తోనే ఆకులో ముద్ద పెట్టి, పులుసు పోసి మురళి ముందుంచింది. "దీపమని ఆపేసినానప్పా" అంది మెల్లగా.

"ఆపుకోక్కా. ముందు మాకొక మాట చెప్పి ఆపు" అని మురళి నవ్వుతూ తిన్నాడు. తన కోసం పరుగెత్తి వచ్చిన ఆ కొత్త మనిషి తినే ప్రతి ముద్దకూ ఆమె లోలోపల దండం పెట్టుకుంది.

ఎండలు ముదిరాయి. పోతులయ్య మొదటిసారి తక్కిన కాపరులతో కలిసి మందను తోలుకుని బయల్దేరాడు. గొర్రెలు లేపిన ఎర్రటి దుమ్ములో అతని తలపాగా కరిగిపోయేదాకా మారక్క ఊరి చివర నిలబడింది. ఇంటికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది.

"ఏం చేస్తాండావక్కా?" అంది హేమావతి.

"మా అన్న మేతకు పోయినాడు."

"మరి నువ్వు?"

"నేను నా ఇంట్లో ఉండా" అంది మారక్క.