పుష్పమ్మ దస్తావేజు మీద పసుపు బొట్టు

వరహాలబాబు పొద్దున్నే ఆఫీసు తాళం తీయగానే చేసే పని ఒకటుండేది. సొరుగులోంచి చిన్న ఇత్తడి గిన్నె తీసి, చిటికెడు పసుపులో రెండు చుక్కల నీళ్లు కలిపి, గోడ మీది సింహాద్రి అప్పన్న పటానికి ఒక బొట్టు పెట్టేవాడు. అదే వేలితో, ఆ రోజు బల్ల మీద అన్నిటికన్నా పైనున్న కాగితం మూలన ఇంకొక బొట్టు. "ఇది ఎవరి కాగితమో నీకు తెలుసు స్వామీ. వాళ్లకి చెరుపు జరగనీకు" అనుకున్నాకే కుర్చీలో కూర్చునేవాడు.

పద్మారావు నగర్‌లో సదాశివ అనే వకీలు దగ్గర ఆయన గుమాస్తా. చీపురుపల్లి దగ్గరి పల్లెలో పుట్టి, ఊరి బళ్లో పదో తరగతి దాకా చదివి, మౌలాలి రైల్వే కాలనీలో ఉండే మేనమామ రమ్మంటే వచ్చాడు. అది ఇరవై ఏడేళ్ల కిందటి మాట, అప్పటి నుంచీ ఇక్కడే. ఫలానా భూమి ఎవరి నుంచి ఎవరి చేతికి వచ్చిందో రిజిస్ట్రారు ఆఫీసుల్లో పాత కాగితాలు వెతికి, వరస కుదిర్చి పెట్టడం ఆయన పని. తిరుగుడు ఎక్కువ. అయినా సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ ఆయన చెప్పేది తిరుగుడు గురించి కాదు. ఏ ఆఫీసులో ఎవరు కుర్చీ వేశారు, ఏ బస్సులో ఎవరు జరిగి చోటిచ్చారు అన్నదే. "కుర్చీ వేసినోళ్లందరూ గుర్తే మీకు. మోకాళ్ల మందు మాత్రం గుర్తుండదేటి?" అనేది భార్య సాయిదుర్గ, ఆ మందు చేతిలో పెడుతూనే.

కిందటేడు వానలు మొదలైన రోజుల్లో పుష్పమ్మ వచ్చింది. బన్సీలాల్‌పేట్‌లో మెట్లబావి వెనక సందులో ఇస్త్రీ దుకాణం ఆమెది. నగరం పొలిమేర దాటాక భర్త పురుషోత్తం ఎప్పుడో కొన్న రెండెకరాల రాతి నేల ఉంది. బోరు ఎండిపోయింది, భర్త పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు ఆ నేల పక్కనే ఒక కంపెనీ డేటా సెంటర్ కడుతోంది.

"గదేందన్నా? ఎవ్వలు సక్కగ చెప్తలేరు."

"మనం ఫోన్లో చూసేవీ దాచుకునేవీ ఉండే గోదాం లాంటిదమ్మా. లోపలి మిషన్లు ఆగకూడదు. కరెంటు నిమిషం కూడా పోకూడదు."

"మా ఇంట్ల దినాం పోతది. గా మిషన్లను రెండు దినాలు మా ఇంట్ల ఉంచుమను, అలవాటైతది."

ఆ కంపెనీకి ఆమె నేలతో పని పడింది. సర్కారు సబ్‌స్టేషన్ నుంచి వచ్చే పెద్ద లైను దిగడానికి అదే దగ్గరి చోటు. ముప్పై ఏళ్లకు లీజు అడిగారు. అమ్మేయమన్నవాళ్లూ ఉన్నారు. "అమ్మేది లేదు. కిరాయికిస్త. మా ఆయన నేల రేపు నా బిడ్డ లాస్యకు చెందాలె" అంది పుష్పమ్మ. కాని ఆమె ఒక్కతి ఒప్పుకుంటే చాలదు. కంపెనీకి అప్పిచ్చే బ్యాంకు ఒక షరతు పెట్టింది. కరెంటు దిగే నేల కాగితాలు ఏ వంకా లేకుండా ఉండాలి. కరెంటు రాని డేటా సెంటర్ ఉత్త గోడలే కదా. వచ్చే శుక్రవారం బ్యాంకు వాళ్లు కూర్చునేలోపు ఈ నేల కాగితాలు తేలకపోతే లైను అటు పక్కవాళ్ల పొలంలోంచి వెళ్తుంది. అప్పుడిక బీడు పడిన నేలను అమ్ముకోవడం తప్ప పుష్పమ్మకు వేరే దారి లేదు.

ఆమె తన అసలు దస్తావేజు ఇచ్చి వెళ్లింది. నలభై ఏళ్ల కిందట నీలి సిరాతో చేత్తో రాసింది. మర్నాడు పొద్దున బల్ల మీద పైనున్న కాగితం అదే. హద్దులు రాసిన పేజీ పైకి వచ్చేలా మడిచి ఉంది. గిన్నెలో నీళ్లు ఆ రోజు కాస్త ఎక్కువ పడ్డాయి. వరహాలబాబు కళ్లు మూసుకుని దండం పెట్టుకుని తెరిచేసరికి, బొట్టు జారి సర్వే నంబరు మీదికి పాకింది. కంగారులో కండువా చెంగుతో అద్దాడు. పసుపూ నీలమూ కలిసి పచ్చటి మరకైంది. నంబరు పోయింది.

పది గంటలకు బ్యాంకు తరఫు వకీలు అనుపమ రానే వచ్చింది. ఆ పేజీని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది.

"నంబర్ ఎవరో మార్చినట్టుంది సార్. ఒరిజినల్ మీద ఇలాంటి డౌట్ వస్తే మావాళ్లు ఫైల్ క్లోజ్ చేసేస్తారు."

"పాత కాగితం మేడమ్. ఎప్పుడో వానకు తడిసి ఉంటది" అన్నాడు సదాశివ. అసలు సంగతి ఆయనకింకా తెలియదు.

వరహాలబాబు లేచి నిలబడ్డాడు. "వాన కాదమ్మా. నేనే. పొద్దున బొట్టు పెట్టాను. తుడవబోయి ఇంకా చెరిపేశాను."

సదాశివ తల పట్టుకున్నాడు. "ఇరవై ఆరేండ్ల సంది మొత్తుకుంటున్న. నీ దేవుణ్ని గోడ మీదనే ఉంచు, నా ఫైల్ల మీదికి తేకు అని. ఇన్నవా?"

అనుపమ గిన్నె వంక చూసింది, ఆయన కండువా మీది పచ్చ మరక వంక చూసింది. నవ్వలేదు. "మీరు చెప్పకపోతే దిద్దిన కాగితం అని రాసేసి వెళ్లిపోయేదాన్ని అంకుల్. రిజిస్ట్రార్ ఆఫీస్ పుస్తకంలో దీని నకలు ఉంటుంది కదా, అది తెండి. మరక ఎలా పడిందో ఒక ప్రమాణ పత్రం రాసివ్వండి. రెండూ ఉంటే నేను మావాళ్లకి చెప్పగలను. కానీ గురువారం లోపు."

ముందు పుష్పమ్మకు చెప్పాలనుకున్నాడు వరహాలబాబు. ఫోన్లో చెప్పే మాట కాదని బన్సీలాల్‌పేట్ దాకా నడిచి వెళ్లాడు. ఆమె విని, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. తర్వాత అంది:

"నా కాగితానికి పెండ్లి జేసినవా ఏందన్నా, పసుపు వెట్టి?"

ఆయన నవ్వలేకపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఓయమ్మ, పరేషాన్ కాకు. మా ఆయన సుత దసరాకు గా కాగితానికి కుంకుమ వెడుతా అనేటోడు. నేనే ఒద్దని గుంజుకునేదాన్ని. నువ్వు పుణ్యానికి వెట్టినవ్, పాపానికి గాదు. కూసో, చాయ్ తాగు. తాగి పోయి నకలు తీస్కరా."

ఆ చాయ్ రుచి ఆయన నాలుక మీద చాలా రోజులుంది.

రిజిస్ట్రారు ఆఫీసు రికార్డు గదిలో సామ్యూల్ అనే అటెండరు ఉన్నాడు. ఆ సంవత్సరం పుస్తకం ఉండాల్సిన చోట లేదు. సోమవారం దొరకలేదు. మంగళవారం దొరకలేదు. బుధవారం మధ్యాహ్నం సామ్యూల్ అన్నం డబ్బా తెరవబోతూ గుమ్మంలో వరహాలబాబు ముఖం చూశాడు. డబ్బా మళ్లీ మూసేశాడు.

"మీరు మీ దేవుణ్ణి తలచుకోండి అన్నా, నేను నా దేవుణ్ణి తలచుకుంటా. నిచ్చెన ఎవరికి దగ్గరుంటే ఆయన తీస్తాడు."

నిచ్చెనెక్కి, బీరువాకీ గోడకీ మధ్య సందులో పడిపోయిన పుస్తకాన్ని బయటికి లాగాడు. దుమ్ముకి ఇద్దరికీ తుమ్ములొచ్చాయి. పేజీ తెరిస్తే సర్వే నంబరు ముత్యంలా ఉంది. అప్పటికి అన్నం చల్లారిపోయింది. అయినా సామ్యూల్ సగం ఈయనకు పెట్టందే తినలేదు.

ప్రమాణ పత్రం వరహాలబాబే రాశాడు. సదాశివ చదివి, కళ్లజోడు తీసి అన్నాడు: "ఉత్త గుమాస్తా అని రాసినవేంది? 'ఇరవై ఆరేండ్లుగా నమ్మకంగా పనిచేస్తున్న గుమాస్తా' అని రాయి. సాక్షి సంతకం నేను చేస్తా."

శుక్రవారం బ్యాంకు ఒప్పుకుంది. ఆనాటి నుంచి బొట్టు పటానికే. కాగితానికి పొడి చేత్తో నమస్కారం మాత్రమే.

లీజు రిజిస్ట్రేషన్ నాడు అందరూ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో కలిశారు. యాభై పేజీల ఇంగ్లీషు కాగితం. లైను కింద ఎంత మేర వదలాలి, జనరేటర్ల మోత ఎంతకు మించకూడదు, ముప్పై ఏళ్ల తర్వాత నేల ఎలా తిరిగి అప్పజెప్పాలి, అన్నీ అందులో ఉన్నాయి. సదాశివ ఒకసారి, వరహాలబాబు రెండుసార్లు పుష్పమ్మకు విడమర్చి చెప్పారు. అన్నిటికీ తలూపింది. ఒక్క భయం మాత్రం వదల్లేదు.

"కంపెనోళ్లు అప్పు కట్టకపోతే బ్యాంకోళ్లు నా భూమి గుంజుకపోతరా అన్నా?"

"లేదమ్మా. కంపెనీకున్న లీజు హక్కే బ్యాంకుకి తాకట్టు. నేల కాదు. వీళ్లు కట్టకపోతే మిగిలిన ఏళ్లకి బ్యాంకు ఇంకో కంపెనీని తెస్తుంది. వాళ్లు నీకు కిరాయి ఇస్తారు. నేల నీదే."

"మంచిది" అంది. అని, కలం పట్టుకుని, మళ్లీ అదే అడిగింది.

వరహాలబాబు వరండా చివర ఫోన్ చూసుకుంటున్న అనుపమ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, మీరు ఇప్పటికే చాలా చేశారు. ఇంకొక్క సాయం అడగనా?"

"చెప్పండి అంకుల్."

"బ్యాంకు సంగతి రాసిన ఆ పేజీ ఉంది కదా, అదొక్కటి మీ నోటితో తెలుగులో ఆవిడకి చదివి చెప్పాలి."

"మీరు చెప్పారు కదా? అయినా నేను బ్యాంకు తరఫు మనిషిని."

"అందుకేనమ్మా. నేను ఆవిడ మనిషిని. ధైర్యం కోసం చెప్తున్నాననుకుంటుంది. ఆవిడ భయపడేది మీవాళ్లకి. 'మేం నీ నేల తీసుకోం' అని మీవైపు వాళ్లే చెప్పాలి. ఒక్క పేజీ. కుర్చీ నేను వేస్తాను, ఆవిడ పక్కన కూర్చుని చదవండమ్మా."

అనుపమ ఫోన్ పక్కన పెట్టి, ఆ పేజీ తీసుకుని ఆయన వెనకే నడిచింది.