పదో బోల్టు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా నాటకమే. దాని బరువు మోసింది ఇంకొకాయన. నేను హాయిగా ఉద్యోగం చేసుకున్నాను, ప్రమోషన్లు తీసుకున్నాను, కార్ల గురించి నలుగురికీ సలహాలు చెప్పాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి, నాకు ఒళ్లు మండుతుంది.

గుర్గావ్‌కు మెట్రో ఇంకా రాని రోజులు. వసంత్ కుంజ్‌లో అద్దెకుంటూ గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడిని. చదివింది మెకానికల్. ఆ చదువు వృథా కాలేదని ఎవరికో నిరూపించాలన్న దురదతో నా చిన్న కారుకి, ఇంజను బలం పెంచే టర్బో పెట్టించాలనుకున్నాను. టర్బో పెడితే సిలిండర్లలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఇంజను పైమూతలాంటి హెడ్డు పైకి లేవకుండా కింది బ్లాకుకి అదిమి పట్టేవి పది బోల్టులు.

మహిపాల్‌పూర్‌లో ఒక షెడ్డులో అప్పల్నాయుడు గారు మెకానిక్కు. శ్రీకాకుళం వైపు మనిషి. సైన్యంలో ఇరవై ఏళ్లు బండ్లు బాగుచేసి, రిటైరై ఢిల్లీలోనే ఉండిపోయారు. ఒకసారి బిగించాక సాగిన బోల్టులు మళ్లీ వాడకూడదని, కంపెనీవే కొత్తవి వేద్దామని ఆయన అన్నారు. నేను వినలేదు. నెలన్నర ఎదురుచూసి విదేశాల నుంచి ఇంకా గట్టివి తెప్పించాను. ఆ పెట్టె తెరిచి చూపించినప్పుడు నా ముఖంలో ఎంత పొగరుందో తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది. ఆయన మాత్రం ఒక్కొక్కటీ పాత బోల్టు పక్కన పెట్టి పొడవు చూసి, బాగున్నాయన్నారు.

హెడ్డు దించినప్పుడు ఇంజనుని చల్లబరిచే కూలెంటు నీళ్లు బోల్టు రంధ్రాల్లోకి కారతాయి. అడుగు మూసి ఉండే రంధ్రాలవి. నీళ్లుండగా బోల్టు బిగిస్తే ఆ నీళ్లు ఎటూ పోలేవు, బ్లాకే పగులుతుంది. ఇది నాకు తెలుసు. పుస్తకంలో చదివాను. అందుకే ఆ శుభ్రం చేసే పని నేనే చేస్తానని అడిగి మరీ తీసుకున్నాను. తీగకి గుడ్డ చుట్టి తుడుస్తూ, గాలి కొడుతూ తొమ్మిది పూర్తి చేశాను. కరెంటు పోయింది. గాలి కొట్టే కంప్రెసరు ఆగింది. మే నెల మధ్యాహ్నం, రేకుల షెడ్డు. సాయంత్రానికి ఇంజను స్టార్ట్ చేసి చూపిస్తానని స్నేహితుల దగ్గర కోతలు కోసి ఉన్నాను. పదోదాంట్లో ఏముంటుందిలే అనుకున్నాను. గుడ్డతో తుడిచినా సరిపోయేది, రెండు నిమిషాల పని. ఎందుకు చేయలేదు? ఇన్నేళ్లలో ఈ ప్రశ్నకి ఒక్క మర్యాదైన జవాబు దొరకలేదు. బద్ధకం. అంతే.

“పదీ అయిపోనాయా బాబూ?” అని అడిగారు నాయుడు గారు.

“అన్నీ అయ్యాయండీ.”

ఆయన మధ్య నుంచి అంచులకి, వరస తప్పకుండా, విడతలుగా బిగించుకుంటూ వచ్చారు. చివరిదాని దగ్గర, అదే నేను వదిలేసిన పదోదాని దగ్గర, బిగువు కొలిచే టార్క్ రెంచి టిక్కుమంది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

“ఇది తొందరగా బిగిసిపోనాది బాబూ. ఓపాలి తీసి సూద్దాం.”

నేను విరుచుకుపడ్డాను. టిక్కుమంది కదా, కొలత వచ్చింది కదా, మధ్యలో ఈ చేతి అంచనాలేమిటని. ఆయన చెప్పింది నిజమని తెలుసు కాబట్టే అంత గట్టిగా అరిచాను. కారు నాది. ఆయన రెంచి పక్కన పెట్టేశారు.

రెండు వారాలకి మానేసర్ దాటాక ఇంజను వేడెక్కి ఆవిరి కక్కింది. తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చాం. హెడ్డు తీస్తే, పదో రంధ్రం పక్కన వెంట్రుకంత పగులు. బ్లాకు పోయింది. ఎవరు బిగించారని షెడ్డు యజమాని, పంజాబీ ఆయన, హిందీలో అరుస్తున్నాడు.

నాయుడు గారు పగులు వైపు చూశారు, నా వైపు చూశారు. హిందీ ఆయనకి నాకంటే బాగా వచ్చు. అయినా తెలుగులో, నెమ్మదిగా అన్నారు.

“బాబూ, పదీ అయిపోనాయన్నారు కదా.”

ఆ షెడ్డులో తెలుగు వచ్చింది మా ఇద్దరికే. నలుగురిలో నా పరువు తీయకుండా, నిజం నా నోటితో నేనే చెప్పుకోవడానికి ఆయన నాకు దారి ఇచ్చారు.

“క్యా బోల్ రహే హై?” అన్నాడు యజమాని, ఏమంటున్నారని.

“గల్తీ హో గయీ, బోల్ రహే హై” అన్నాను. పొరపాటైపోయిందని ఒప్పుకుంటున్నారని. ఆయన ముందే, ఆయనకి వచ్చిన భాషలోనే.

నాయుడు గారు చేతులు గుడ్డతో తుడుచుకుని బయటికి వెళ్లిపోయారు.

అక్కడితో ఆగానా? మర్నాడు ఆఫీసులో కూర్చుని, కార్ల పిచ్చివాళ్ల ఇంటర్నెట్ ఫోరంలో, చేతి అంచనాలతో పనిచేసే మెకానిక్కుల్ని నమ్మొద్దని ఫోటోలతో సహా రాశాను. పేరు రాయలేదు. రాయక్కర్లేదు, ఆ షెడ్డు అందరికీ తెలుసు. ఎంత చక్కగా వివరించారో అని అక్కడివాళ్లు మెచ్చుకున్నారు. నెల తిరక్కుండానే ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఎక్కడికి వెళ్లారో తెలియదు. వెతికానా? లేదు.

ఒక్కోసారి ఆయన మీద కూడా కోపం వస్తుంది. ఎందుకు ఊరుకున్నారు? నా చొక్కా పట్టుకుని ఆ మాటే హిందీలో ఎందుకు అడగలేదు? దొంగతనం చేసినవాడు ఇంటాయన్ని తలుపెందుకు వేసుకోలేదని తిట్టినట్టుంటుంది నా కోపం. అయినా వస్తుంది. తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది.

ఇప్పుడు కూడా చూడండి, తెలుగులోనే రాస్తున్నాను. ఆ షెడ్డులో ఒక్కడూ చదవలేని భాషలో. ఈ పిరికితనం నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆ రోజు నోటికి రాని మాట కనీసం కాగితం మీదికైనా వస్తోంది, ఊపిరి కొంచెం ఆడుతోంది.

పదో రంధ్రం నేను తుడవలేదు. తుడిచానని చెప్పాను. నాయుడు గారు సరిగ్గానే బిగించారు.