సుంకులమ్మ పీకించిన గడ్డి

మొన్న ఆదోని మార్కెట్ యార్డు ముందు ఒక ఆటో వచ్చి నా పక్కనే ఆగింది. లోపల మనుషులు లేరు. తడి ఆరని పచ్చగడ్డి మోపులు కుక్కి ఉన్నాయి. కొంచెం తియ్యగా, కొంచెం బురదగా ఉండే ఆ వాసన తగలగానే నేను నిలబడిపోయాను. ఒక కాడ లాగి చూశాను. లోపల బోలు, కణుపుల దగ్గర తెల్లటి నూగు. పారా గడ్డి. "ఏం పెద్దాయనా, ఇంట్లో ఎనుము ఉండాదా?" అని డ్రైవరు నవ్వాడు. లేదన్నాను. ఈ గడ్డిని కౌతాళం వైపు తెచ్చి నాటించినవాళ్ళలో నేనొకణ్ణని, దాన్ని ఎలా పీకాలో నాకు నేర్పింది ఒక కూలి మనిషని నడిరోడ్డు మీద అతనికేం చెప్పను?

తుంగభద్ర కాలువ కొత్తగా పారుతున్న రోజులు, యాభైల చివర. నాకు ఇరవై మూడేళ్ళు. ఎమ్మిగనూరు మగ్గాల ఇంట్లోంచి వచ్చి కౌతాళం దగ్గర ఒక ఊళ్ళో గ్రామసేవకుడిగా చేరాను. ఎండాకాలం వస్తే పశువులకు జొన్నచొప్ప తప్ప దిక్కులేని నేల అది. పైనుంచి గడ్డి కాడల మోపులు పంపి, నీటి పక్కన నాటించమన్నారు. పిల్లకాలువ గట్టు పొడవునా నాటించాను. ఒక్క వానకాలంలో నడుమెత్తు పెరిగింది. కోసిన నెలకల్లా మళ్ళీ కోతకొచ్చేది. గేదెలు పాలు ఎక్కువిచ్చాయి. ఊళ్ళో నన్ను 'గడ్డి సారు' అనడం మొదలుపెట్టారు. ఆ పేరు నాకు ముద్దుగానే ఉండేది.

రోజూ ఆ గట్టు మీద గడ్డి కోసేవాళ్ళలో సుంకులమ్మ ఒకతె. నలభై ఏళ్ళుంటాయి, భర్త పోయాడు. కూలికి పోతూనే కాలువ చివర ఒక ఎకరం కోరుకు, అంటే పంటలో పాలిచ్చే లెక్కన తీసుకుని, గడ్డి నాటించిన రెండో ఏడు వరి నాటింది. తన చేతి కింద వరి ఎదగటం ఆమె బతుకులో అదే మొదలు. ఒక పొద్దున ఆమె నా గది ముందు ముంత పెట్టింది. అందులో నీళ్ళు, వేలెడు గడ్డి కాడ.

"సూడప్పా. ఆదివారం తుంచి ఏసినా. ఈపొద్దు బేస్తవారం."

కాడ కణుపు చుట్టూ తెల్లటి వేళ్ళు దిగి ఉన్నాయి. "మంచిదే గదక్కా, బాగా బతుకుతాది" అన్నాను.

"బతికేది మంచిదే. యాడ బతుకుతాందో గూడా సూడల్ల గదా. గట్టు దిగి కాల్వలోకి పోయింది. నీళ్ళ మింద పరుపేసినట్ల పండుకోనుండాది."

గడ్డి వేళ్ళు గట్టును పట్టి ఉంచుతాయని, మట్టి కోసుకుపోదని నేను కరపత్రంలో చదివింది ఒప్పజెప్పాను. ఆమె ముంత తీసుకుని వెళ్ళిపోయింది.

వరి పొట్టకొచ్చే వేళకు చివరి మళ్ళకు నీళ్ళు రావడం ఆగిపోయింది. తూము పూర్తిగా ఎత్తానని కాలువ చూసే లస్కరు ఒట్టు పెట్టాడు. నేను సుంకులమ్మతో కాలువ వెంట నడిచాను. ఎగువన నీళ్ళు గట్టు అంచును తాకుతున్నాయి. నడుమ గడ్డి చాపలా అల్లుకుని, దాని కింద మోకాలి లోతు ఒండ్రు పేరుకుంది. ఆ దిగువన సన్నటి పాయ. చివరన ఆమె మడి నెర్రెలు విచ్చి ఉంది. ఆమె ఒక వరి కాడ చీల్చి చూపింది. కంకి పొట్టలోనే తెల్లగా ఎండిపోయింది. ఆమె ఏడవలేదు.

"నువ్వు నాటినావు. నువ్వే పీకల్ల" అంది. "నేనూ వస్తా."

మర్నాడు ఆమె కూలికి పోయి ఉంటే, నేను ఆగలేక పదిమందిని కొడవళ్ళతో దింపాను. కోసిందంతా నీళ్ళలోకే తోశాం, కొట్టుకుపోతుందని. సాయంత్రం సుంకులమ్మ వచ్చి చూసి తల పట్టుకుంది. "ఏం పని సేసినావప్పా! ముంతలో ఏం సూసినావు నువ్వు? ముక్కముక్కా ఒక దుబ్బయితాది." అలాగే అయింది. నెల తిరిగేసరికి, అంతకుముందు గడ్డి పోచ లేని చోట కూడా కాలువ పచ్చబడింది.

పంట పోయాక ఆమె ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పనికి చేరింది. ఇక రాదనుకున్నాను. ఎండాకాలానికి కాలువలో నీళ్ళు ఆపేసిన వారంలోనే, జుట్టులో పత్తి నూగు అలాగే ఉండగా, గడ్డపార పట్టుకుని గట్టు మీద నిలబడింది.

"ఆ మడి మళ్ళా నీకిస్తారా అక్కా?"

"ఇస్తారో ఇయ్యరో. నీళ్ళయితే రావల్ల గదా. నేను గాకపోతే ఇంగొకరు నాటుకుంటారు."

ఆ ఎండాకాలమంతా ఆమె చెప్పింది, మేము చేశాం. వేళ్ళతో సహా తవ్వాలి. రాలిన ప్రతి ముక్కా ఏరి బండ మీదికి మోయాలి. పుల్లలా ఫటుక్కున విరిగేదాకా ఎండాలి. గట్టు మీద మిగిలినదాన్ని తల ఎత్తనీయకుండా పశువులతో మేపాలి. కానగ చెట్ల కింద గడ్డి పలచగా ఉండటం కూడా ఆమే చూపించింది. "ఇది ఎండ తిని బతికేది. నీడ పెట్టు" అంది. గట్టు పొడవునా కానగ మొక్కలు నాటాం. ఊరి మురుగు చేరే పల్లంలో మాత్రం కొంత గడ్డి ఉంచమంది. ఎనుములకు మేత కావాలి కదా, అక్కడినుంచి అది కాలువకు పోయే దారి లేదంది.

ఒక మధ్యాహ్నం నేను పై ఆఫీసుకు పంపే నివేదిక ముందేసుకుంటే, ఏం రాస్తున్నావో చదవమంది. 'గడ్డి పెంపకం విజయవంతమైనది. పాల దిగుబడి పెరిగినది' అని చదివాను.

"అబద్ధం గాదు అది" అంది. "నా మడి యాడుండాది అందులో?"

నేను కాగితం మడవబోయాను.

"రాయప్పా."

రాశాను. ఎండిన మడి, ఆమె ముందే చేసిన హెచ్చరిక, నా కొడవళ్ళ తెలివి, అన్నీ. పై అధికారి నన్ను పిలిపించి, ఆ పేరా కొట్టేయమన్నాడు. నేను కొట్టేయలేదు.

వానకాలంలో తూము ఎత్తిన రోజు మేమిద్దరం నీళ్ళ వెంటే నడిచి చివరికి పోయాం. నీళ్ళు ఆగకుండా మడిలోకి దిగాయి. ఆ ఏడు ఆ మడిని ఇంకొకరికి ఇచ్చేశారు. ఆమె అందులో కూలికి నాట్లేసింది. మరుసటి ఏడు మళ్ళీ తనకే వచ్చింది. ఆ వడ్లు దంచిన బియ్యం శేరు కొంగున కట్టి తెచ్చి, "తిని సూడు" అంది. ఆ పూటే వండుకుని తిన్నాను.

ఆ తరువాత చాలా ఊళ్ళు తిరిగాను. కొత్త విత్తనం, కొత్త మందు, ఏది ఇవ్వాల్సి వచ్చినా ముందు ఆయకట్టు చివరికి నడవటం అలవాటైంది. ఎమ్మిగనూరు దగ్గర ఒకసారి నా కింద పనిచేసే ఉద్యోగి ఎండకు విసిగి, "ఆడిదాకా ఎందుకు సార్? ఈడనుంచే కనపడతాంది గదా" అన్నాడు.

"కనపడతాంది. ఆడుండే మనిషి సెప్పేది ఈడికి ఇనపడదు" అన్నాను. ఇద్దరం నడిచాం.